సందులో లక్క

ఫిల్లర్ అనే మాట నేను బళ్లో నేర్చుకోలేదు. కె.కోటపాడులో ఇళ్లకు రంగులేసే ఒక మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాను. డిగ్రీ అయిపోయి బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆయన దగ్గర కూలికి కుదిరాను. తరవాత కొండ మీద ఒక ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచరునయ్యాక కూడా, వేసవిలో జీతం రాని రోజులన్నీ ఆయన దగ్గరే గడిచేవి. మాది అనంతగిరి కొండల్లో ఊరు. కె.కోటపాడు నుంచి దేవరాపల్లి వైపు పోతుంటే ఎదురుగా కనబడే కొండల వరసలో ఎక్కడో పైన ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కె.కోటపాడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, మా ఊరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. నేను అద్దెకుండే గది ఒక జిల్లా, అమ్మా అయ్యా ఉండే ఇల్లు ఇంకో జిల్లా. ఏ దరఖాస్తులోనైనా జిల్లా అన్న గడి దగ్గరకొస్తే నా కలం కొంచెం ఆగుతుంది. ఖాళీలు పూరింపుము అని చిన్నప్పుడు పరీక్షల్లో ఇచ్చేవారు కదా, అన్ని ఖాళీలూ అంత తేలిక కాదు.

మేస్త్రీ లప్పాన్ని ఒక్కోసారి లప్పం అనేవాడు, ఒక్కోసారి పుట్టీ అనేవాడు, ఇంటి యజమాని చదువుకున్నవాడైతే ఫిల్లర్ అనేవాడు. మొదట్లో నాకు అదేదో తెల్లపిండి, గోడకి పూస్తే చాలనిపించేది. పగులు కనబడగానే లప్పం ముద్ద తీసి అందులోకి నొక్కబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముందు దాన్ని పెద్దది చెయ్యరా" అన్నాడు. బ్లేడు మొనతో పగులు వెంబడే గోకి, పైన వెడల్పుగా, లోపల సన్నగా వచ్చేట్టు చీల్చాలి. ఊడిపోయే సున్నం, ఇసక అంతా రాలగొట్టాలి. కుంచెతో దుమ్ము దులపాలి. కొంచెం తడి చెయ్యాలి. అప్పుడు నింపాలి. దుమ్ము అలాగే ఉంచి నింపితే లప్పం గోడని పట్టుకోదు, దుమ్మునే పట్టుకుంటుంది. నాలుగు నెలలకి రంగుతో సహా పెచ్చులా లేచొస్తుంది. ఒక పూత వేసి, ఆరాక రెండో పూత వేసి, ఎమరీ కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి, ఆ పైన రంగు. ఇంటికొచ్చిన చుట్టాలు రంగుని మెచ్చుకుంటారు. లప్పం బాగా పెట్టారండీ అన్నవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. కొన్ని పగుళ్లు లప్పానికి లొంగవు. పునాది కుంగి గోడ కదులుతుంటే ఎన్నిసార్లు నింపినా అదే చోట, అదే వంకరతో మళ్లీ వస్తుంది. అలాంటి ఇంటికి వెళ్తే ఆయన పనే ఒప్పుకునేవాడు కాదు. "ఇది నా పని కాదు బాబూ, తాపీమేస్త్రీని పిలవండి" అని చెప్పి వచ్చేసేవాడు. కూలి పోయేది, మాట దక్కేది.

నిజానికి సందు నింపడం నాకు కొత్త పని కాదని నాకు ఆలస్యంగా తట్టింది. మేము కొండకమ్మర్లం. మా అయ్య కొలిమి దగ్గర నేను తిత్తి ఊదినవాణ్నే. కత్తికి గానీ కొడవలికి గానీ పిడి వెయ్యాలంటే, వెనక సన్నగా ఉండే తోకని కర్రలోకి దించుతారు. కర్రకి వేసిన బెజ్జం ఎప్పుడూ తోక కన్నా కొంచెం పెద్దదే ఉంటుంది. ఆ తేడాలోకి లక్క పోస్తారు. అయ్య లక్కని దంచి, అందులో మెత్తగా నూరిన ఇటుకపొడి కలిపేవాడు. ఆ పొడిని బెజ్జంలో కూరి, తోకని కాల్చి, పటకారుతో పట్టి లోపలికి దింపితే లక్క కరిగి, సందులన్నీ వెతుక్కుని, చల్లారాక రాయిలా బిగుస్తుంది. ఉత్త లక్క అయితే పెళుసు, దెబ్బకి పొడి అయిపోతుంది, ఇటుకపొడి పడితేనే దానికి ఒంట్లో బలం అనేవాడు. అంటే నింపేదానిలోనే ఇంకో నింపేది. ఇవాళ పెద్ద ఫ్యాక్టరీల్లో జిగురుల్లోనూ ప్లాస్టిక్కుల్లోనూ సుద్ద, రాతిపొడి కలిపేది ధర తగ్గుతుందని మాత్రమే కాదు, గట్టిపడుతుందని కూడానని తరవాత చదువుకున్నాను. మా అయ్య చదువుకోలేదు గానీ పిడి ఊడిందని ఆయన దగ్గరికి తిరిగొచ్చిన కత్తులు తక్కువే.

లక్క అనగానే మన జిల్లాల్లో అందరికీ ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. అంకుడు కర్ర మీద రంగు లక్క పట్టించే ఆ పనికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బాగుంది. అక్కడ లక్క పైన ఉంటుంది కాబట్టి మెరుస్తుంది. మా పిడిలో లక్క లోపల ఉంటుంది.

కె.కోటపాడు సెంటర్లో వెల్డింగ్ షాపు కుర్రాడు నాకు స్నేహితుడు. వాళ్ల పనిలో కూడా ఫిల్లర్ ఉంది, గ్యాస్ వెల్డింగ్‌లో చేత్తో అందించే తీగని ఫిల్లర్ రాడ్డంటారు. కరెంటు వెల్డింగ్‌లో చేతిలో పట్టుకున్న రాడ్డే కరిగి నింపుడవుతుంది. వాడూ అంతే, మందపాటి రెండు ముక్కలు కలపాలంటే ముందు అంచులు ఏటవాలుగా రుద్ది మధ్యలో లోయ చేస్తాడు. మా మేస్త్రీ పగులు చీల్చినట్టే. పన్నుల డాక్టరు కూడా పుచ్చంతా తొలిచి తీసేశాకే సిమెంటు పెడతాడు. అయితే వెల్డింగ్‌లో ఇంకో నియమం ఉంది. నింపే లోహం అటువైపు ముక్కతోనూ ఇటువైపు ముక్కతోనూ కలిసిపోయేదై ఉండాలి. మామూలు ఇనుముకి మామూలు రాడ్డు చాలు. పోత ఇనుము విరిగిన గానుగ చక్రమో మోటారు కాలో వస్తే దానికి నికెల్ ఉన్న రాడ్డు కావాలి, లేదంటే చల్లారేటప్పుడే పక్కన చిట్లుతుంది. "మంచి అతుకుని సమ్మెటతో కొడితే విరిగేది పక్కనే, అతుకు కాదు" అంటాడు వాడు, సొంత గొప్పలా.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మాట నా మీద వాడారు కాబట్టి. ఒకసారి మా బడికి పై అధికారి వచ్చారు. ఏ బడి, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. నన్ను పరిచయం చెయ్యాల్సి వస్తే పక్కనున్న సారు నవ్వుతూ "ఈయన పర్మినెంటు కాదు సార్, ఫిల్లరు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నాకు కోపం రాలేదు గానీ నిద్ర కూడా రాలేదు. ఆయన ఉద్దేశంలో ఫిల్లరంటే అసలు మనిషి వచ్చేదాకా చోటు ఖాళీగా కనబడకుండా పెట్టిన మనిషి. ఆ మాట అన్నది ఎప్పుడూ లప్పం పట్టని చెయ్యి అని మాత్రం నాకు తెలిసిపోయింది.

అప్పటి నుంచి ఎక్కడ నింపుడు కనబడినా చూడడం అలవాటైంది. మా అమ్మకి థైరాయిడ్ మాత్ర ఉంది. పెట్టె మీద 50 మైక్రోగ్రాములని రాసి ఉంటుంది. గ్రాములో పదివేలో వంతులో సగం. ఆ మందు ఒక్కటే చేతిలో పెడితే కంటికి ఆనదు, వేలికి అంటుకుపోతుంది. మిగతా మాత్రంతా పిండి, పాలచక్కెర లాంటివి. అవి లేకపోతే ఆ మందుని లెక్కగా కొలిచి అమ్మ నోట్లో వేసే దారే లేదు. తారు రోడ్డులో కూడా కంకర, ఇసక, తారు కాక సన్నటి రాతిపొడి వేస్తారు, ఇంజనీర్లు దాన్ని ఫిల్లరనే అంటారు. కంకర సందుల్లో అది కూరుకుంటేనే నీళ్లు లోపలికి దిగవు. కొండ మీద మా రోడ్డు రెండు వానలకే గుంటలు పడినప్పుడల్లా ఆ పొడి గుర్తొస్తుంది నాకు.

చెడ్డ నింపుడు లేదని కాదు. మా కొండల్లో పండిన పసుపు సంతలో దిగి, ఎన్నో చేతులు మారి, ప్యాకెట్టులో పొడిగా తిరిగొచ్చేసరికి అందులో ఏ పిండి ఉందో దేవుడికెరుక. దానికి తెలుగులో కల్తీ అని వేరే పేరుంది, ఆ పేరే ఉండాలి. అటూ ఇటూ పట్టుకుని నిలబెట్టేదాన్నీ తూకం పెంచడానికి కలిపేదాన్నీ ఒకే మాటతో పిలవడమే తిరకాసు.

చెరకు రైతులు ఈ తేడా బాగా ఎరుగుదురు. కె.కోటపాడు చుట్టూ, అటు చోడవరం, గోవాడ ఫ్యాక్టరీ దాకా చెరకు బాగా తెలిసిన నేల. మొక్క తోట నరికాక దుబ్బుల నుంచి మళ్లీ వచ్చేది కార్శి తోట. అందులో కొన్ని దుబ్బులు చచ్చిపోతాయి, వరసల్లో ఖాళీలు పడతాయి. ఆ ఖాళీల్లో మొక్కలు నాటడాన్ని రైతులు గ్యాప్ ఫిల్లింగ్ అనే అంటారు, ఇంగ్లీషు మాటేనన్న ధ్యాస కూడా లేకుండా. ఇందులో కిటుకంతా సమయం. నరికిన కొద్ది వారాల్లోనే నాటితే కొత్త మొక్క పాతవాటితో కలిసి లేస్తుంది. ఆలస్యమైతే పాత దుబ్బులు ఎదిగి నీడ కమ్మేస్తాయి. కొత్త మొక్క చావదు, ఎదగదు. నరికే రోజున గెడ కూడా కట్టని ఆ పిలకలు చూసి "నాటి కూడా దండగే" అనుకుంటారు. మొక్క తప్పేముంది? నాటిన వేళ చూడాలి గానీ.

మా ఉద్యోగాల సంగతీ ఇలాగే నడిచింది. ఆఫీసు తెలుగులో ఖాళీల భర్తీ అంటారు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో నంబరు 3 వచ్చింది. మన ఊళ్లలో చాలా ఇళ్లలో మొదటి ప్రభుత్వ జీతం ఆ జీవోతోనే వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం చెల్లదని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్లని షరతులతో ఉంచింది. చట్టం ప్రకారం అది తప్పో ఒప్పో వాదించే చదువు నాకు లేదు. కానీ ఆ తీర్పు మీద ఊళ్లో జరిగిన మాటల్లో ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. "ఎవరో ఒకరు వస్తే చాలు, క్లాసు ఖాళీగా ఉండకూడదు" అన్నారు కొందరు. ఎవరో ఒకరు చాలదు. పోత ఇనుముకి ఏ రాడ్డు పడితే ఆ రాడ్డు వాడితే ఏమవుతుందో వెల్డింగ్ కుర్రాణ్ని అడగండి. ఒకటో తరగతి పిల్లకి ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష. ఆ రెంటి మధ్య నిలబడేవాడు రెండువైపులా కరిగి కలవాలి. 2004లో మన రాష్ట్రంలో మాతృభాష ఆధారంగా బహుభాషా విద్య మొదలుపెట్టినప్పుడు సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అని ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చారు. వాటి వెనకున్న ఆలోచన ఇదే. నిజం చెప్పాలంటే నేను కొండకమ్మరిని, మా ఇంటి మాట తెలుగే. కువి నాకు వినికిడి మాత్రమే. గిరిజనుడు కాబట్టి గిరిజన పిల్లల భాషలన్నీ వస్తాయని మమ్మల్ని చూసి అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

మరో రకం నింపుడు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం ఈ పుస్తకంలో ఉండడానికి అర్థం లేదు. ఏ సభైనా కానివ్వండి, మంత్రిగారు రావడం ఆలస్యమైతే థింసా. మైకు పాడైతే థింసా. ఒక ఉపన్యాసానికీ ఇంకో ఉపన్యాసానికీ మధ్య థింసా. పొద్దున్నుంచి ఎండలో ఒకే రంగు చీరల్లో నిలబడ్డ ఆడవాళ్లు, కారు హారను వినగానే మధ్యలో ఆపేయాలి. ఊళ్లో అయితే ఆ ఆట ఎవరు ఆపమన్నా ఆగదు. రాతలోనూ ఇదే. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ఆదివాసీ దినోత్సవం ఆగస్టు 9 వచ్చిందంటే మన కవితలు కావాలని ఫోన్లు వస్తాయి. ఆగస్టు 10 నుంచి మళ్లీ రావు. నా మొదటి కవిత ఒక పత్రికలో పేజీ అడుగున నాలుగు వేళ్ల జాగాలో పడింది. పైన వ్యాసం తగ్గి చోటు మిగిలిందట. అయినా కత్తిరించి దాచుకున్నాను, ఎందుకు దాచుకోను? పాత పుస్తకాలమ్మే షాపుల్లో వారపత్రికలు తిరగేస్తే నాకు ఇప్పటికీ ఆ అడుగు జాగాల్లో పడ్డ చిన్న ముక్కలే ముందు కంటికి తగులుతాయి.

పద్యాల్లో కూడా నింపుడుంది. తు, హి, చ, స్మ, హ, వై లాంటి సంస్కృత పొట్టి మాటల్ని పాదపూరణం అంటుంది అమరకోశం. అర్థం కోసం కాదు, పాదం నిండడానికన్నమాట. పెద్ద కవులు వాడితే పూరణం, మా పాటల్లో అర్థం లేని ఊపు మాటలొస్తే మాత్రం "ఇందులో సాహిత్యం ఏముంది" అని అడిగినవాళ్లున్నారు. ఆ ఊపు మాట దగ్గరే గుండ్రంగా కట్టిన చేతులు ఊగుతాయి, అడుగు మారుతుంది, పాడేవాళ్లు తరవాతి వరస గుర్తుచేసుకుంటారు.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మాట మధ్యలో మనం తడుముకున్నప్పుడు వచ్చే "అదీ", "మరి", "అంటే", మన వైపు "మరేటంటే", "అదేటి" ఉన్నాయి కదా, ఇంగ్లీషువాళ్లు వీటిని కూడా ఫిల్లర్లనే అంటారు. ఖాళీని నింపేవట. తెలుగు మాత్రం వాటిని అలా పిలవలేదు. ఊతపదాలు అంది. ముసలాయన చేతికి ఊతకర్ర, చిక్కుడు తీగకి పాతే ఊత, అదే ఊత. ఎవరు పెట్టారో గానీ వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఖాళీ నింపడం వేరు, పడిపోకుండా ఆపడం వేరు. అమెరికాలో హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఇంగ్లీషు మాటల మీద ఇదే చూశారు. వాళ్లు "అహ్" అంటే చిన్న ఆలస్యం, "అమ్" అంటే పెద్ద ఆలస్యం వస్తుందట. అంటే అవి చెత్త శబ్దాలు కావు, నేనింకా ఆలోచిస్తున్నాను, నా మాట అవలేదు, ఆగు అని ఎదుటివాడికి చెప్పే మాటలే.

మన క్లాసుల్లో ఏం జరుగుతుంది? పిల్ల లేచి "అదీ... అదీ..." అనగానే "రాదు, కూర్చో" అంటాం. పక్క పిల్లాణ్ని లేపుతాం. మేరీ బడ్ రో అనే సైన్సు విద్య పరిశోధకురాలు 1970ల్లోనే అమెరికా క్లాసుల్ని టేపు చేసి కొలిచింది. టీచరు ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, తెలీదు అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఇంట్లో భాషా బడి భాషా ఒకటే అయిన పిల్లలకే మూడు సెకన్లు కావలసి వస్తే, ప్రశ్నని తెలుగులో విని, కువిలో తిప్పుకుని, కువిలో తట్టిన జవాబుని మళ్లీ తెలుగులోకి దించాల్సిన పిల్లకి ఎన్ని కావాలి? ఆ దించే సేపూ ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క "అదీ" మాత్రమే. అది లాగేస్తే మెట్టు లేకుండా దిగమన్నట్టే.

నేను మా నాలుగో తరగతిలో ఇది మొదలుపెట్టాను. ప్రశ్న అడిగి లోపల ఐదు దాకా లెక్కపెట్టుకుంటాను. చెప్పడం తేలిక, ఐదు లెక్కపెట్టేలోగా మన నోరే ముందు తెరుచుకుంటుంది. ఒకరోజు మన ఊట వేసవిలో ఎందుకు ఎండిపోతుందని అడిగాను. వెనక వరసలో కువి మాట్లాడే ఇంటి పిల్ల లేచింది. "అదేటంటే సార్" అంది. ఆగింది. ఏదో కువి మాట అంది, పక్క పిల్ల నవ్వింది. మళ్లీ "అదేటంటే" అంది. నేను నాలుగులో ఉన్నాను. "పైన చెట్లు కొట్టేసినారు కదా, వాన నీళ్లకి కూకోడానికి చోటు లేదు" అంది. పుస్తకంలో అదే విషయానికి అరపేజీ ఉంది, ఇంత సూటిగా లేదు.

తరవాత పిల్లల చేతే ఒక చార్టు రాయించాను. ఆలోచించేటప్పుడు మీ ఇంట్లో ఎవరేమంటారో విని రండి అన్నాను. కువికి ఒక వరస, ఆదివాసీ ఒడియాకి ఒక వరస, తెలుగుకి ఒక వరస. తెలుగు లిపిలోనే రాశారు. ఒక పిల్లాడు వాళ్ల తాత పొగచుట్ట తీసి బూడిద రాల్చడాన్ని కూడా ఊతపదం కింద రాయాలని పట్టుబట్టాడు. రాయించాను. వారం తిరిగేసరికి తెలుగు వరస అన్నిటికన్నా పొడుగైంది. ఇంత ఎలా వచ్చిందిరా అంటే, అందులో సగం మీరు పాఠం చెబుతుంటే రాసుకున్నవే సార్ అన్నారు.